సరస్సు ఒడ్డున జీలకర్ర-బెల్లం

'లేచిపోయారు' అన్న మాటను మన ఇళ్లలో ఎవరూ గట్టిగా అనరు. గొంతు తగ్గించి, వంటింటి వైపు ఓసారి చూసి మరీ అంటారు. అన్నాక కాసేపు ఎవరూ మాట్లాడరు. అదే అమెరికాలోనైతే 'ఎలోప్‌మెంట్'కి ప్రత్యేకంగా ఫొటోగ్రాఫర్లున్నారు, పూలు కట్టేవాళ్లున్నారు. ఏ కొండ ముందు నిలబడితే బాగుంటుందో, ఏ గట్టున ఎండ ఎన్నింటికి వాలుతుందో చెప్పి డబ్బు తీసుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఆ మాటలోంచి పారిపోవడం ఎప్పుడో పోయింది. నలుగురైదుగురు మనుషులతో, నచ్చిన చోట, ఆరుబయట చేసుకునే చిన్న పెళ్లికి ఆ పేరు మిగిలింది.

మొదట్లో పాశ్చాత్యులకూ అది పరుగే. 1754లో ఇంగ్లండులో అమల్లోకి వచ్చిన చట్టం 21 ఏళ్లు నిండనివాళ్ల పెళ్లికి పెద్దల అనుమతి ఉండాలంది. పక్కనే ఉన్న స్కాట్లండుకు ఆ చట్టం వర్తించదు. ఇంకేముంది! సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే పల్లెకి గుర్రబ్బళ్లు బారులు కట్టాయి. కమ్మరి కొలిమి దగ్గరే పెళ్లిళ్లు. అప్పట్లో మంచి చోటంటే అందమైన చోటు కాదు, నాన్నగారి గుర్రం కంటే ముందు చేరుకోగలిగిన చోటు.

మనకిది కొత్తా అంటే అదీ కాదు. పెళ్లికాని ఆడపిల్లల చేత పెద్దవాళ్లే చదివించే రుక్మిణీ కల్యాణం కథేమిటి? అన్న ఖాయం చేసిన సంబంధం ఇష్టంలేక కృష్ణుడికి కబురంపిన రుక్మిణి, ఊరికే వచ్చి తీసుకుపొమ్మనలేదు. పెళ్లికి ముందు ఊరి వెలుపల గౌరీదేవి గుడికి వెళ్లడం మా ఇంటి ఆచారం, అక్కడికి రమ్మని చోటు కూడా తనే చెప్పింది. పోతన భాగవతంలో ఈ ఘట్టం చదివి మురిసిపోయే ఇంట్లోనే, కూతురు తన పెళ్లి తను చేసుకుంటానంటే ఆ రోజు నుంచి మాటలు ఆగిపోతాయి. అదేంటో!

ఇప్పుడు చెప్పబోయే అమ్మాయిది విజయవాడ. అబ్బాయిది కరీంనగర్. ఇద్దరూ కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి సాఫ్ట్‌వేర్ ఊళ్లలో ఉద్యోగాలు. కులాలు వేరు. అబ్బాయి వాళ్లమ్మ కొన్నాళ్లు బాధపడి, తర్వాత సరేనంది. ఆర్నెల్ల వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చి ఉంది కూడా. అమ్మాయి తండ్రి మాత్రం ఆ సంగతి తెలిసిన రోజు నుంచి, రెండేళ్లుగా కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు. తల్లి మాట్లాడుతుంది. ఎప్పుడంటే, ఆయన ఇంట్లో లేనప్పుడు.

ఒక పక్షం పూర్తిగా ఖాళీగా ఉండే కల్యాణ మండపంలో కూర్చోలేనంది అమ్మాయి. నిజమే. వెయ్యి కుర్చీల హాల్లో అయిదు వందలు ఖాళీగా ఉంటే ప్రతి కుర్చీ ఓ ప్రశ్నే. అసలు కుర్చీలే లేని చోటయితే? అలా మొదలైంది వెతుకులాట. నాలుగు గంటల కారు ప్రయాణంలో టాహో సరస్సు ఉండగా వేరే చోటు చూడాల్సిన పని వాళ్లకు కనిపించలేదు.

టాహోని చెరువు అనుకుంటే పొరపాటు. సియెర్రా నెవాడా కొండల్లో, సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున, 22 మైళ్ల పొడవు, 12 మైళ్ల వెడల్పున పరుచుకున్న నీలం. లోతు 1,645 అడుగులు. అమెరికాలో ఇంతకన్నా లోతైన సరస్సు ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. చుట్టూ గట్టు 72 మైళ్లు. ఇక్కడి మూలవాసులైన వాషో తెగవాళ్ల భాషలోంచి వచ్చిందే టాహో అన్న పేరు. దాని అర్థం... 'సరస్సు'. అంతే! వాళ్లకి ఇంకో పేరుతో పని పడలేదన్నమాట. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడటానికి 1968 నుంచి శాస్త్రవేత్తలు ఓ తెల్ల పళ్లేన్ని తాడుతో దించి, ఎంత లోతున అది కళ్లకు ఆనడం మానేస్తుందో కొలుస్తున్నారు. మొదట్లో వంద అడుగుల దాకా కనిపించేది. తర్వాత తర్వాత తగ్గింది.

ఈ 72 మైళ్లలో ఎక్కడ నిలబడాలి? ముందుగా అడ్డొచ్చింది ప్రకృతి కాదు, ప్రభుత్వం. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు సరిగ్గా సరస్సు మధ్యలోంచి వెళుతుంది. ఉత్తరం నుంచి నిటారుగా దిగిన గీత నీళ్ల మధ్యలోనే ఆగ్నేయానికి మలుపు తిరుగుతుంది. పడమటి గట్టు కాలిఫోర్నియా, తూర్పు గట్టు నెవాడా. కాలిఫోర్నియాలో తీసుకున్న పెళ్లి లైసెన్సు తొంభై రోజులు చెల్లుతుంది, ఆ రాష్ట్రం లోపలే. నెవాడాది ఏడాది చెల్లుతుంది, అదీ నెవాడా నేల మీదే. లైసెన్సు ఒక రాష్ట్రానిది, నిలబడింది ఇంకో రాష్ట్రంలో అయితే ఎంత ముచ్చటైన ఫొటో వచ్చినా కాగితం చిక్కుల్లో పడ్డట్టే. అంటే ఏ గట్టో తేలాకే లైసెన్సు సంగతి.

అందరూ చెప్పేది పడమటి గట్టున ఉన్న ఎమరాల్డ్ బే గురించి. మూడు వైపులా కొండలు, నడుమ పచ్చల రంగు నీళ్లు, మొత్తం సరస్సుకి ఉన్న ఒకే ఒక్క చిన్న ద్వీపం. ఒడ్డున 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ అనే 38 గదుల భవంతి. దాన్ని చూడగానే అమ్మాయి ఇంకేమీ వద్దంది. కానీ పైన కారు ఆపి కిందికి మైలు దూరం నడిచి దిగాలి. మళ్లీ అదంతా ఎక్కాలి. అబ్బాయి వాళ్లమ్మకి మోకాలి చిప్ప మార్చి ఏడాది. ''నీళ్లు చూడ నేనెందుకు బిడ్డా అంత కిందికి? పైనుంచే కనపడుతున్నయి గద. మీరు పోయిరండి'' అందామె. వచ్చిన ఒక్క పెద్దదిక్కునీ కారులో కూర్చోబెట్టి చేసుకునే పెళ్లి ఎవరికి కావాలి?

దానికన్నా పెద్ద చిక్కు వెలుగుది. పడమటి గట్టుకి వెనకే ఎత్తయిన కొండలు. మధ్యాహ్నం దాటాక సూర్యుడు తొందరగా వాటి చాటుకి పోతాడు. అక్కడ అందమంతా పొద్దున్నే. గాలి కూడా అప్పుడే ఉండదు, నీళ్లు అద్దంలా ఉంటాయి. తెలిసిన ఫొటోగ్రాఫరైతే పొద్దున ఏడున్నర అంటాడు. అక్కడ ఏడున్నరంటే విజయవాడలో రాత్రి ఎనిమిది. అమ్మాయి వాళ్ల నాన్న హాల్లో టీవీ ముందు ఉండే వేళ. అమ్మ ఫోను తీసే వీలే లేదు.

అప్పుడు తూర్పు గట్టు గుర్తొచ్చింది. అక్కడ సూర్యుడు ఎదురుగా, నీళ్ల మీదుగా, అవతలి కొండల వెనక్కి దిగుతాడు. అక్టోబరులో అయితే ఆరున్నర ప్రాంతంలో. దానికి ముప్పావుగంట ముందు మొహాల మీద పడే పసుపు వెలుగుకే ఫొటోగ్రాఫర్లు 'గోల్డెన్ అవర్' అని పేరు పెట్టారు. మనవాళ్లు దాన్నే గోధూళి వేళ అన్నారు, పెళ్లికి పనికొస్తుందనీ అన్నారు. సాయంత్రం ఆరుకి కాస్త ముందంటే విజయవాడలో తెల్లవారి ఆరు దాటి ఉంటుంది. ఆయన ఆరింటికి నడకకి బయల్దేరతారు. ఏడింటికి గానీ రారు. ఇరవై ఏళ్లుగా అదే లెక్క.

అలా ఓ సరస్సు గట్టు ఎంపికలో, ఎనిమిది వేల మైళ్ల అవతల ఓ పెద్దమనిషి పొద్దుటి నడక లెక్కలోకొచ్చింది.

నెల కూడా ఊరికే తేలలేదు. మే, జూన్లలో జ్యేష్ఠం. ఇద్దరూ ఇంటికి పెద్దపిల్లలు, ఆ నెలలో చేయకూడదంది అబ్బాయి తల్లి. ఆషాఢం, భాద్రపదం శూన్యమాసాలు. నడుమ శ్రావణం ఉంది గానీ అది ఆగస్టు. టాహోలో కారు పెట్టుకోను చోటు దొరకని రోజులవి. పైగా కార్చిచ్చుల కాలం. 2021 ఆగస్టులో కాల్డర్ మంటలు కొండలు దాటి వస్తుంటే దక్షిణ గట్టున ఉన్న సౌత్ లేక్ టాహో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. రెండు లక్షల ఎకరాలకు పైగా కాలిపోయింది. అందుకే చివరికి దసరా వెళ్లిన వారంలో ఓ గురువారం. మనకి అప్పటికి శుక్రవారం వచ్చేసి ఉంటుంది. ''రెండూ మంచి దినాలే'' అందామె, తేలిగ్గా.

ఆ మంటల భయం వల్లే ఇంకో ముడి పడింది. ఎండిన అడవుల పక్కన, అదీ గట్టున, హోమం పెట్టడం కుదిరే పని కాదు. మరి అగ్ని లేకుండా పెళ్లేమిటి? ఇక్కడ మాత్రం తెలుగువాళ్లు అదృష్టవంతులు. మన పెళ్లిలో ముహూర్తం అంటే జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం. దానికి నిప్పు అక్కర్లేదు. తమలపాకులో చిన్న ముద్ద, రెండు చేతులు చాలు. హోమం, సప్తపది తర్వాత గుడిలో చేయించుకోవచ్చని వాళ్లు ఎరిగిన పురోహితుడే చెప్పారు. ముహూర్తం మంత్రాలు రికార్డు చేసి ఫోనులో పంపారు కూడా.

చోట్లు వెతికే పని ఇంకా ఉంది. తూర్పు గట్టున శాండ్ హార్బర్ అంటే ఎవరికైనా ఇష్టమే. తేట నీళ్లలో ఏనుగుల్లా కూర్చున్న గుండ్రాళ్లు. కానీ అది స్టేట్ పార్కు, పేరున్న చోటు, జనం. ఇసుకలో నడక ఆ మోకాలికి మంచిది కాదు. ఇంకాస్త దక్షిణాన హైవే 50 పక్కనే లోగన్ షోల్స్ అనే చిన్న వ్యూపాయింట్ ఉంది. కారు దిగాక నాలుగడుగులు, పెద్ద ఎక్కుడుదిగుడు లేని బాట. ఎదురుగా సరస్సు మొత్తం. వెనక లారీల చప్పుడు వినిపిస్తుందన్న మాట నిజమే. ఫొటోలో చప్పుడు పడదు కదా! నెల ముందే ఓ ఆదివారం ఇద్దరూ వెళ్లారు. అమ్మాయి నీళ్లు చూస్తుంటే, అబ్బాయి ఫోను పైకెత్తి పట్టుకుని బాట పొడవునా తిరిగాడు. ఓ పైన్ చెట్టు పక్కన సిగ్నల్ నిలకడగా ఉంది. నాలుగడుగులు ఎడమకి జరిగితే సరస్సు ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడ సిగ్నల్ లేదు. చెట్టు పక్కనే నిలబడదామనుకున్నారు.

ఇలాంటి చోటు వెతికేవాళ్లు కొండలూ నీళ్లూ చూసి మురిసిపోయే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ నేల ఎవరిది, స్టేట్ పార్కుదా, అటవీ శాఖదా? ఎవరిదైతే వాళ్ల దగ్గర అనుమతి అడగాలి. ఎంతమందిని రానిస్తారు? అక్షింతలు చల్లనిస్తారా? గింజలూ పూలరేకులూ గట్టున పడేస్తే చాలా చోట్ల ఒప్పుకోరు. బాత్రూము ఎంత దూరం? పట్టుచీరతో ఉన్న పిల్లకి ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో ఏ ఫొటో చెప్పదు.

గురువారం రానే వచ్చింది. మధ్యాహ్నం దాటాక టాహో మీద నైరుతి గాలి లేస్తుంది. తూర్పు గట్టుకి అలలు కొడతాయి. ఆ రోజూ అదే. చలికి పట్టుచీర ఆగదు. పెళ్లి చేయించడానికి నెవాడా అనుమతి ఉన్న ఓ పెద్దావిడ వచ్చింది. పెళ్లికొడుకు స్నేహితుడు ఒక ఫోనులో మంత్రాలు పెట్టాడు. రెండో ఫోను చెట్టు కొమ్మ చీలికలో నిలబెట్టాడు. అందులో విజయవాడ వంటిల్లు, గ్యాసు పొయ్యి, అమ్మాయి వాళ్లమ్మ మొహం సగం. ఆమె గొంతు తగ్గించి, ''నాన్న ఇవాళ నడకకి వెళ్లలేదే'' అంది. ''హాల్లో పేపరు చదువుతున్నారు.''

ఎవరూ ఏమీ అనలేదు. అయిదూ యాభై అయింది. ఒకరి తల మీద ఒకరు చేతులు పెట్టారు. అబ్బాయి తల్లి అక్షింతలు నేల మీద పడకుండా కోడలి కొంగు పట్టి అందులో వేసింది. ఫోనులో గాలి హోరు తప్ప ఏమీ వినపడక, అమ్మ మర్చిపోయి సౌండు పెంచేసింది. వంటింట్లో మంత్రాలు గట్టిగా మోగాయి. తలుపు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డట్టు తెరలో నీడ కదిలింది. చాలాసేపు అలాగే ఉంది. మంగళసూత్రం మూడో ముడి పడ్డాక ఓ గొంతు, కూతురితో కాదు, భార్యతో అంది. ''గాలి కొడుతున్నట్టుంది. ఏదన్నా కప్పుకోమను.''

పెద్దావిడ చెప్పించాల్సిన రెండు మాటలు ఇంగ్లిషులో చెప్పించి కాగితం తీసింది. నెవాడాలో సాక్షి ఒక్కరుంటే చాలు. అబ్బాయి తల్లి కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని, నిదానంగా, తెలుగులో సంతకం చేసింది. చీకటి పడేలోపు చలి పెరిగింది. అందరూ కారెక్కి అద్దాలు బిగించుకున్నారు. ఆమె వెనక సీట్లోంచి పులిహోర డబ్బా తీసి, ఆ పెద్దావిడకి కూడా ఓ కాగితపు ప్లేటులో పెట్టించింది.