తుపాకీ మడమ

తుపాకీ వెనక భాగాన్ని మనం మడమ అంటాం. "తుపాకీ మడమలతో కొట్టారు" అని పేపర్లలో చదువుతూ పెరిగాం కాబట్టి, అది అవతలివాడికి తగిలే దెబ్బ గురించిన మాటే అనిపిస్తుంది. కాల్చేవాళ్ళకి తగిలే దెబ్బ కూడా అక్కడినుంచే వస్తుంది. మడమ కాబట్టి తన్నుతుంది. నేను రాయబోయేది ఈ రెండో దెబ్బ గురించి. ఇంకాస్త వివరంగా చెప్పాలంటే, ఐదడుగుల ఒక అంగుళం ఎత్తుండి, కుడి కాలర్ బోన్‌కి ఒక లోహపు ప్లేటూ ఆరు స్క్రూలూ ఉన్న మనిషికి ఎనభై ఏళ్ళ కిందటి సైనిక రైఫిల్ ఒకటి వెతకడం గురించి. ఆ మనిషి నా భార్య.

ఇంట్లో తుపాకీ ఎందుకు అని ఈపాటికి మీరు అనుకునే ఉంటారు. నేనూ అదే అన్నాను. అమెరికాలో హెచ్1బి మీద ఉన్నన్నాళ్ళు ఆ ప్రశ్నే రాలేదు. వేట లైసెన్సు లాంటి ఒకట్రెండు మినహాయింపులు తప్పిస్తే, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు వచ్చాక ఒప్పుకుంటుంది. వచ్చిన ఏడాదే ఆమె అడిగింది. రక్షణ కోసమైతే నేను చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు. మా అమ్మాయి బళ్ళో నెలకోసారి లైట్లు ఆపేసి బల్లల కింద నక్కే డ్రిల్ చేయిస్తారు. ఆ దేశంలో ఉంటూ ఇంట్లోకి ఇంకో తుపాకీ తేవడమంటే నాకు మనసొప్పలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పలేదు. ఇనప బీరువా కొన్నాం, తాళం మాట మా ఇద్దరికే తెలుసు, తూటాలు ఇంట్లో ఉంచం. ఆ సంగతి అక్కడికి ఆపుతాను.

ఆమె అడిగింది వేరే. వాళ్ళ నాన్న కర్నూలు జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబులుగా చేరి హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళలో ఎక్కువ భాగం ఫ్యాక్షన్ ఊళ్ళ పికెట్లలో గడిచింది. భుజాన త్రీ నాట్ త్రీ. అది ఇంటికి వచ్చేది కాదు, డ్యూటీ దిగగానే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో అప్పజెప్పాల్సిందే. చిన్నప్పుడు క్వార్టర్స్ మైదానంలో నాన్న దాన్ని తుడుస్తుంటే పక్కన కూర్చుని చూడ్డమే ఆమెకున్న పరిచయం. మడమకి ఇత్తడి రేకు ఉండేదట, దానికో చిన్న తలుపు. తలుపు తీస్తే లోపలినుంచి ఇత్తడి నూనె సీసా, చివర బరువు కట్టిన తాడు వచ్చేవి. ఆ తాడుని పుల్‌త్రూ అంటారు. గుడ్డముక్క తగిలించి గొట్టంలోంచి లాగుతారు. తుపాకీలో డబ్బీ ఉంటుందని తెలిసిన పిల్ల క్లాసులో నేనొక్కదాన్నే, అంటుంది.

నేను ఇంజనీర్ని కాబట్టి మొదట లెక్క వేశాను. ఇంటర్లో ద్రవ్యవేగ నిత్యత్వ నియమం కింద తుపాకీ లెక్క చేయనివాళ్ళుండరు. తూటా ద్రవ్యవేగం, దాని వెనకే ఎగజిమ్మే వాయువుల ద్రవ్యవేగం, రెండూ కలిపితే తుపాకీ వెనక్కొచ్చే ద్రవ్యవేగం. దాని వర్గాన్ని తుపాకీ ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగిస్తే భుజం మింగాల్సిన శక్తి. మన పుస్తకాల్లో వాయువుల్ని వదిలేసేవాళ్ళు. వదిలేస్తే లెక్క బాగా తప్పుతుంది, ఎందుకంటే మందు రెండు మూడు గ్రాములే అయినా దాని వాయువు తూటా కంటే వేగంగా పోతుంది. ఈ లెక్కలో బరువైన తుపాకీ తక్కువ తన్నుతుంది. కానీ నాలుగు కిలోల ఇనుమూ కర్రా కలిసినదాన్ని పొట్టి చేతులు నిలబడి ఎంతసేపు మోస్తాయన్నది లెక్కలోకి రాదు.

శక్తి ఒక్కటే కాదు, అది ఎంత సేపట్లో, ఎంత చోటు మీద పడుతుందన్నదీ ఉంది. ఇత్తడి రేకు ఉన్న సన్నటి మడమ, రబ్బరు మెత్త ఉన్న వెడల్పాటి మడమ ఒకే శక్తిని రెండు రకాలుగా అప్పజెప్తాయి. మడమ పొడవు కూడా ముఖ్యం. సగటు సైనికుడికి సరిపోయే పొడవు ఐదడుగుల మనిషికి ఎక్కువవుతుంది, మెడ సాచాల్సొస్తుంది, మడమ భుజం గుంటలో కూర్చోకుండా కాలర్ బోన్ మీదికి జరుగుతుంది. మా ఇంట్లో కాలర్ బోన్ అంటే ప్లేటు. ఇవన్నీ పోగా, తన్ను అని జనం చెప్పేదాంట్లో సగం చప్పుడే. చెవుల్లో దూది లాంటివి పెట్టి, పైన ఇయర్ మఫ్స్ వేస్తే అదే తుపాకీ మెత్తబడినట్టుంటుంది.

ఎముకల డాక్టర్ని అడిగాం. ఎముక అతికి ఏడేళ్ళయింది, దానికేం కాదు, ప్లేటు అంచు చర్మం కిందే ఉంది కాబట్టి నొప్పే నీ హద్దు అన్నాడు. ఎడం భుజంతో కాల్చమని నేనన్నాను. ప్రయత్నించింది. ఆమెకి గురి కుదిరేది కుడి కంటితో. కుదర్లేదు.

జాబితాలోంచి కొన్ని వెంటనే పోయాయి. రష్యన్ మోసిన్-నాగాన్, అందులోనూ పొట్టి కార్బైన్లు, భుజానికీ చెవులకీ కూడా శిక్షే. లీ-ఎన్‌ఫీల్డ్‌లోనే నంబర్ 5 అని, జంగిల్ కార్బైన్ అంటారు, చూడముచ్చటగా ఉంటుంది, కానీ అదే .303 తూటాని 3 కిలోల పైచిలుకు తుపాకీలోంచి పంపితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దాని మడమకి రబ్బరు మెత్త ఉంది గానీ ఎంత ఇరుకంటే, అది దెబ్బని ఒకే చోట పోగుచేస్తుంది.

నా మనసు ముందు లాగింది అమెరికన్ ఎం1 కార్బైన్ వైపు. 2.4 కిలోలు, 7 గ్రాముల తూటా, సెకనుకి 600 మీటర్లు. నా లెక్కలో 6 జౌల్స్ దగ్గర తేలింది. పెద్ద రైఫిళ్ళన్నీ 14 నుంచి 18 మధ్య ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో 60 లక్షలకి పైగా తయారయ్యాయి, తుపాకులు ఎప్పుడూ చేయని కంపెనీలు చేశాయి. టైప్‌రైటర్ల అండర్‌వుడ్, పాటల పెట్టెల రాక్-ఓలా, ఇంకా ఐబీఎం! మూడు లక్షల నలభై వేల పైచిలుకు కార్బైన్లు ఐబీఎం చేసింది. ఆ కంపెనీ పేరు చెక్కిన రిసీవర్‌ని వేలితో తడిమినప్పుడు నాకు కలిగిన ఆనందం ఈ వృత్తిలో లేనివాళ్ళకి చెప్పడం కష్టం. క్లబ్బులో ఒకాయన తనది ఇచ్చి కాల్చి చూడమన్నాడు. ఆమె పదిహేను కాల్చింది. నొప్పి లేదు. "బాగుంది, ఆటబొమ్మలాగుంది" అని తిరిగిచ్చేసింది.

తర్వాత స్వీడిష్ మౌసర్, 1896 నమూనా. 6.5 మిల్లీమీటర్ల సన్నటి తూటా, నాలుగు కిలోల తుపాకీ, తన్నుడు పొడవుగా, తోపులాగా ఉంటుంది గానీ గుద్దులాగా ఉండదు. ఆ పనితనం చూసి తీరాలి. మడమ పక్కన గుండ్రటి ఇత్తడి బిళ్ళ, దానిమీద గొట్టం ఏ స్థితిలో ఉందో సూచించే గుర్తులు. డాక్యుమెంటేషన్ తుపాకీకే మేకు కొట్టి ఉందన్నమాట! పైగా స్వీడన్ 1814 తర్వాత యుద్ధానికి దిగలేదు. వందేళ్ళ పాతదైనా కొత్తదానిలా ఉంటుంది. పొడవు మాత్రం 1.26 మీటర్లు, నిలబెడితే ఆమె గడ్డం దాకా వచ్చింది. అయినా ఇదే అని తేల్చేశాను. ఎందుకో వివరంగా ఒక స్ప్రెడ్‌షీట్ కూడా చూపించాను.

"ఇది ఎవర్నీ కాల్చలేదు, అందుకే నీకు నచ్చింది" అంది.

నిజమే. నాకు అందులో ఇబ్బందేమీ కనపడలేదు. ఆమెకి కనపడింది. అప్పుడు చెప్పింది, పెళ్ళయిన పన్నెండేళ్ళకి. ఆమె ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఊళ్ళో పికెట్ మీదికి జనం వచ్చారు, ఫైరింగ్ ఆర్డరయింది, ఇద్దరు పోయారు. కాల్చిన పార్టీలో వాళ్ళ నాన్న ఉన్నాడు. నువ్వు కాల్చావా నాయనా అని ఒకే ఒక్కసారి అడిగిందట, ఇంటర్ చదివేటప్పుడు. "తొడుగులన్నీ లెక్కకి అప్పజెప్పినాం" అన్నాడట ఆయన. పోలీసుల్లో ప్రతి తూటాకీ ఖాళీ ఇత్తడి తొడుగు తిరిగి లెక్క చూపాలి. జవాబు అంతే. ఆ తర్వాత ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. "తెలుసుకోవాలని కాదు. అది ఎట్లుంటాదో భుజానికి తెలియాల" అంది. పన్నెండేళ్ళుగా నాతో మాట్లాడే భాష పక్కకి పోయి కర్నూలు వచ్చేసింది.

స్ప్రెడ్‌షీట్ మూసేశాను.

త్రీ నాట్ త్రీ అని మనవాళ్ళు అనేది లీ-ఎన్‌ఫీల్డ్. అందులో మనకి బాగా తెలిసిన నంబర్ 1 మార్క్ 3 బ్రిటిష్ సైన్యంలోకి 1907లో వచ్చింది. కలకత్తా దగ్గర ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీ దాన్ని దశాబ్దాల పాటు చేసింది. స్వాతంత్ర్యానికి ముందువాటి మీద కిరీటం, కింద జి.ఆర్.ఐ. అని చక్రవర్తి జార్జి పొడి అక్షరాలు, తర్వాతవాటి మీద అశోకుడి సింహాలు. యజమాని మారాడు, తుపాకీ మారలేదు. 2008లో ముంబయి సి.ఎస్.టి. స్టేషన్లో ఏకే-47ల ఎదుట రైల్వే పోలీసుల చేతుల్లో ఉన్నది ఇదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే నాడు. దీన్ని పురాతన వస్తువుగా అమెరికావాళ్ళు బల్లల మీద పరిచి అమ్ముతుంటే, మామయ్య సర్వీసులో సగం కళ్ళముందు పరిచినట్టే ఉంటుంది.

ఒహాయోలో ఒక గన్ షోలో దొరికింది. ఇచ్ఛాపూర్, 1942, కిరీటం ముద్ర. బోల్టు మీది నెంబరు, బాడీ మీది నెంబరు కలిశాయి. ఇది అలంకారం కాదు, బోల్టు వేరేదైతే తూటా వెనక ఖాళీ తేడా వచ్చి ప్రమాదం. గేజ్ పెట్టి చూపించుకున్నాం, గొట్టంలో లైటు వేసి చూశాం. ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక చేతికిచ్చారు. ఆమె ముందు మడమ రేకు తలుపు తీసింది. లోపల ఏమీ లేదు. నూనె సీసా తర్వాత విడిగా కొన్నాం.

ఇక తన్ను సంగతి. ఇక్కడే పాత బ్రిటిష్ వాళ్ళ బుర్రకి మెచ్చుకోవాలి. లీ-ఎన్‌ఫీల్డ్ కర్ర రెండు ముక్కలు. మడమ ఒక్క పొడవాటి బోల్టుతో బిగిసి ఉంటుంది. సైనికుడి కొలతని బట్టి మార్చుకోవడానికి నాలుగు పొడవుల్లో చేశారు: పొడుగు, మామూలు, పొట్టి, అన్నిటికంటే పొట్టిది బాంటమ్. బాంటమ్ మీద బి అని ముద్ర. మామూలు దానికంటే ఒక అంగుళం తక్కువ. అది తెప్పించి, పొడవాటి స్క్రూడ్రైవర్‌తో అరగంటలో మార్చాం. దానిమీద తొడిగే రబ్బరు మెత్త కలిపినా మామూలు పొడవు దాటలేదు. మడమ ఇప్పుడు భుజం గుంటలో, ప్లేటుకి రెండు వేళ్ళ కింద కూర్చుంటుంది.

మిగిలింది తూటా. క్లబ్బులో తూటాలు సొంతంగా నింపుకునే ఒక పెద్దాయన మాకు సీసం గుండ్లతో, తక్కువ మందుతో కొన్ని నింపిచ్చాడు. తూటా వేగం సెకనుకి 744 మీటర్ల నుంచి 460కి దిగింది, నా లెక్కలో 16 జౌల్స్ కాస్తా 6 లోపుకి వచ్చింది. అంటే ఐబీఎం కార్బైన్‌తో సమానం. ఇంత చిన్న సంగతి నాకు మొదట్లోనే తట్టి ఉంటే అనుకోను, ఆ కార్బైన్ చూసే అదృష్టం పోయేది.

అక్టోబరులో రేంజికి వెళ్ళాం. బెంచి మీద ఇసక సంచి, యాభై గజాల్లో టార్గెట్. ఆమె పది కాల్చింది, తొందరపడకుండా, ఒక్కోటి. తొమ్మిది కాగితం మీద పడ్డాయి. ఎర్రటి మచ్చ కూడా లేదు. నేను సర్దబోతుంటే, సంచిలోంచి ఇంకో డబ్బా తీసింది. కంపెనీ తూటాలు, పూర్తి మందు. నాకు చెప్పకుండా కొన్నది. రబ్బరు మెత్త ఊడదీసి బల్ల మీద పెట్టింది. లేచి నిలబడింది. నేనేమీ అనలేదు.

ఒక్కటే కాల్చింది. రెండడుగులు వెనక్కి వచ్చింది. టార్గెట్ వైపు చూడలేదు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, బోల్టు లాగి, కింద పడ్డ ఖాళీ తొడుగు ఏరి జేబులో వేసుకుంది. కార్లో కుడిచేత్తో సీటు బెల్టు పెట్టుకోలేకపోతే నేను పెట్టాను.

ఆ రాత్రి వాళ్ళ నాన్నకి వీడియోలో చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దగ్గరికి లాక్కుని చూశాడు. ముద్ర చూపించమన్నాడు, నెంబర్లు చదివించుకున్నాడు. తన తుపాకీ బట్ నెంబరు చెప్పాడు, రిటైరై పద్దెనిమిదేళ్ళయినా తడుముకోకుండా.

"ఎన్ని కాల్చినావు పాపా?"

"పదకొండు నాయనా."

"తొడుగులు?"

"పది పెద్దాయనకిచ్చినా. ఒకటి నా దగ్గరుంది."

ఆయన కాసేపు మాట్లాడలేదు. నెట్ ఆగిందేమోనని నేను ఫోను వైపు చూశాను. ఆగలేదు. తర్వాత, "మడమ భుజంలోకి బాగా లాగి పట్టినావా? వదులుగా పడితే కొడతాది" అన్నాడు. "లాగే పట్టినా" అంది. "అయినా కొట్టింది" అంది.

"కొడతాది" అన్నాడు.

అటుపైన గొట్టంలో వేడినీళ్ళు పోశారా అని అడిగాడు. పాతకాలపు తూటాల్లో తుప్పు పట్టించే ఉప్పు ఉండేది, అందుకని మరిగిన నీళ్ళతో కడగాలని వాళ్ళకి నేర్పారు. ఇప్పటి తూటాలకి ఆ అవసరం లేదని నేను చెప్పబోయాను. ఆమె అప్పటికే పొయ్యి మీద గిన్నె పెట్టింది. గరాటు నేను పట్టుకున్నాను. ఆయన అక్కణ్ణుంచి చెప్తూనే ఉన్నాడు, గుడ్డ ఎంత వెడల్పు చించాలో, తాడు ఎటునుంచి ఎటు లాగాలో, నూనె ఎన్ని చుక్కలో. ఆమె ఎడంచేత్తో లాగింది.