గెడ్డ అవతలి దారి

నవంబరు 10, 2024. అరకు

కిరండూల్ పాసింజర్‌లో వచ్చాను. సైకిల్ లగేజీ బోగీలో. బొర్రా దాటాక సీట్లో కూర్చోలేదు, తలుపు దగ్గరే. సొరంగం, లోయ, మళ్లీ సొరంగం. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద 996 మీటర్లు.

వలిసెలు పూశాయి. వాలు వాలంతా పసుపు. జనం చేలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు.

మ్యాప్‌లో డుంబ్రిగుడ దాకా లావు గీత. అక్కణ్ణుంచి సన్నటిది ఒకటి కొండల్లోకి పోయి, మధ్యలో ఆగిపోయింది. నిజంగా ఆగిపోతుందా? గీసినవాడు అక్కడిదాకే వెళ్లాడా?

నవంబరు 11

తారు అయిపోయిన చోట దిగి టైర్లలో గాలి తగ్గించాను. ముందు 30, వెనక 34. రోడ్డు మీద హోరు పోయి కింద కరకర మొదలైంది. ఈ చప్పుడు కోసమే కదా ఇంత దూరం.

ఇదంతా ఖోండలైట్ కొండ. ఎండకీ వానకీ రాయి పొడై, ఎర్రటి గ్రావెల్‌గా దారి మీదకి దిగుతుంది. గుప్పెడు తీసి చూశాను. ముదురెరుపు గార్నెట్ రేణువులు, అక్కడక్కడా నల్లటి తళుకు. గ్రాఫైట్. చక్రం కింద మాత్రం బటాణీ గింజల్లా దొర్లుతుంది. ఎక్కుడులో లేచి తొక్కితే వెనక చక్రం తిరిగినచోటే తిరుగుతుంది. కూర్చునే తొక్కాలి, చిన్న గేరులో, తొందరపడకుండా.

గెడ్డ దగ్గర దారి నీళ్లలోకి దిగి అవతల లేచింది. సైకిల్ భుజాన వేసుకుని దాటాను. మోకాలి లోతు. చల్లగా.

జేసీబీ రానిచోట ఎంత బాగుంటుందో. ఈ దారి ఇలాగే ఉండిపోతే.

నవంబరు 30

మళ్లీ అదే గెడ్డ. ఈసారి అవతలి ఊరిదాకా. పేరు ఇక్కడ కూడా రాయను.

సిల్వర్ ఓక్‌లు, వాటిని పట్టుకుని మిరియాల తీగలు, కింద కాఫీ. పళ్లు కోస్తున్నారు. పండినవి మాత్రమే, ఒక్కొక్కటే, కొమ్మ మీద పచ్చివి వదిలేసి. ఇళ్ల ముందు టార్పాలిన్ల మీద ఆరబోసిన గింజలు. సైకిల్ దిగి అంచున నడిచాను.

ఒక అవ్వ చోడి అంబలి ఇచ్చింది.

“ఏ ఆఫీసు బాబూ?”

ఆఫీసు కాదవ్వా, ఊరికే. సైకిల్ తొక్కడానికి.

“ఈ రోడ్డు మీద తొక్కడానికా?”

అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. గ్లాసు మళ్లీ నింపింది.

ఎండిన కాఫీ బస్తాలు తల మీద పెట్టుకుని తారు రోడ్డుదాకా దిగుతారట. జీపు అక్కడిదాకే వస్తుంది.

డిసెంబరు 15. లంబసింగి

డౌనూరు నుంచి చీకట్లోనే ఘాట్ ఎక్కాను. పైకి వచ్చేసరికి వేళ్లకి బ్రేకు తగులుతోందో లేదో తెలియలేదు. మంచులో కార్ల వరుస, హారన్లు. చెరువులవేనం వైపు తిరగలేదు. నేరుగా చింతపల్లి.

నర్సీపట్నం నుంచి చింతపల్లికి దారి. దీన్నే కదా వెట్టితో వేయించింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, సరిగా కూలి ఇవ్వకుండా, కొండవాళ్లతో రాళ్లు కొట్టించి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి.

ఇంతకుముందు ఈ ఘాట్‌లో మలుపులు చూసేవాణ్ణి, వాలు చూసేవాణ్ణి. ఇవాళ పక్కన కోసిన కొండ చూశాను. ఎవరి చేతులు?

వాళ్లకి అక్కర్లేనిది రోడ్డా? లేక కూలి లేని రోడ్డా?

జనవరి 5, 2025

రాయాలా వద్దా అని ఇంతసేపు.

గెడ్డకి ఇవతల, సన్నటి ఎక్కుడు. పైనుంచి మనుషుల మాటలు. డోలీ. వెదురుబొంగు ఇద్దరి భుజాల మీద, దానికి కట్టిన దుప్పటి, దుప్పట్లో అమ్మాయి. నెలలు నిండాయి. వెనక సంచి పట్టుకుని తల్లి కాబోలు.

సైకిల్ ఎత్తి పొదల్లో పెట్టి నిలబడ్డాను. జారే గ్రావెల్ మీద ముందున్నతను మడమ ఆనించి, ఆగి, రెండో కాలు వేస్తున్నాడు. వెనకతను ఆ అడుగు చూసి తను వేస్తున్నాడు. చెప్పుల్లేవు. బొంగు ఊగకూడదు.

సాయం పట్టనా అన్నాను. “ఒద్దు బాబూ, అలవాటు లేనోళ్లు పడతారు.” సంచి మాత్రం ఇచ్చారు. తారుదాకా మోశాను. బండి అక్కడ ఉంది.

దుప్పటి నా పక్కనుంచి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి కళ్లు మూసుకోలేదు. ఆకాశం చూస్తోంది.

జనవరి 6. విశాఖ

సైకిల్ కడిగాను. చైను లింకుల మధ్య ఇంకా ఎర్రమట్టి.

ఏమైందో.

జనవరి 26

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. అరకు ఆసుపత్రిలోనే కాన్పు అయిందట. అవ్వ చెప్పింది, నేను అడక్కముందే.

డోలీ ముందు మోసినతను నాతో గెడ్డదాకా వచ్చాడు. వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని అడిగాను. మద్దిచెట్టు మొదలు దగ్గర నిలబడి తన ఛాతీ మీద చెయ్యి పెట్టాడు. రెండు రోజులు తగ్గకపోతే? “రెండు రోజులు ఆగుతాం.” జ్వరం ఆగుతుందా? జవాబు చెప్పలేదు.

ఇంతవరకు ఈ పుస్తకంలో వాలు ఎంత, గాలి ఎంత, ఎక్కడ జారింది, ఇవే రాసుకున్నాను. ఇవాళ గెడ్డ వెడల్పు అడుగులతో కొలిచాను. మునిగే చోట్లు గీసుకున్నాను. ఎవరికి చూపించాలో ఇంకా తెలియదు.

ఫిబ్రవరి 16

జేసీబీ వచ్చింది. నా గీతలు చూసి కాదు. ఎప్పుడో మంజూరైనదట. గెడ్డలో తూములు దించుతున్నారు. పిల్లలందరూ అక్కడే.

మలుపు దగ్గర పనసచెట్టు లేదు. వేళ్లతో సహా పక్కకి తోసేశారు. ఆ నీడలో ఆగి నీళ్లు తాగేవాణ్ణి. బాధేసింది. ఆ మాటే అన్నాను ఒక తాతతో.

“నేనే నాటాను దాన్ని. మళ్లీ నాటుతాను” అన్నాడు. తూముల వంక చూస్తూనే.

మార్చి 16

కంకర పరిచారు. రోలరు ఇంకా పూర్తిగా తిరగలేదు. సైకిల్‌కి ఇంతకంటే కష్టమైనది లేదు. ప్రతి రాయీ చేతుల్లోకి వస్తుంది. పాత దారిలో చక్రానికి ఎక్కడ మెత్తగా ఉంటుందో నాకు తెలుసు. ఆ గీత ఇప్పుడు కంకర కింద.

వాన పడింది కదా మొన్నామధ్య. కాఫీ పూసింది. కణుపు కణుపుకీ తెల్లటి గుత్తులు, ఆకుల కింద కనపడకుండా. వాసన ముందు వస్తుంది. నాలుగు రోజుల్లో రాలిపోతుంది. ఇవాళ రావడం మంచిదయింది.

తారు ఎప్పుడేస్తారని గ్యాంగులో ఒకతన్ని అడిగాను. ఈ మాట నేనే అడుగుతున్నానా?

ఏప్రిల్ 13

ఇటుకల పండగ. మగవాళ్లు వేటకి వెళ్లారు. కొత్త రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి ఆడవాళ్లు నిలబడ్డారు. పాటలు. పజోరు ఇస్తేగాని దాటనివ్వరు.

సైకిల్‌కి కూడానా?

“రోడ్డంటూ ఉంటే పజోరు ఉంటాది!” అందరూ నవ్వారు. నిరుటిదాకా తారుదాకా దిగి అక్కడ కర్ర పెట్టేవారట. ఈ ఏడు ఊళ్లోనే. పొద్దున్నుంచి రెండు జీపులూ ఒక ఆటో వచ్చాయని అవ్వ వేళ్లు చూపించింది.

కర్ర ఒక కొస పట్టుకున్నది ఆ అమ్మాయే. వీపున బిడ్డ. నన్ను గుర్తుపట్టలేదు. ఎందుకు గుర్తుపట్టాలి? జేబులో ఉన్నది ఇచ్చేశాను. కర్ర లేచింది.

కొండ అవతలి ఊరికి ఇంకా కాలిబాటే. చెట్ల నీడ, ఎర్రమట్టి, రెండు గెడ్డలు. వింటుంటేనే కాళ్లు ఊరుకోలేదు. 40 టైరు సరిపోతుందా, 45 వేయాలా అని లెక్కలు. వచ్చే నెలలో వెళ్తాను.

దానికీ రోడ్డు పడాలి. దీనికి తారు, వానలకి ముందే.