స్టారు పడని అంకె

8 జూన్ 2024, శనివారం. సైబర్‌జయ, మలేసియా

నా రక్త పరీక్షల రిపోర్టు వచ్చింది. బీ12 దగ్గర 190, పక్కన తక్కువని చూపే స్టారు లేదు. ఫోన్‌లో చెబితే అమ్మ, పోయిన నెల భీమవరంలో చేయించుకున్న తన రిపోర్టు తీసింది. "నాది 230 నాన్నా, నీకంటే నాకే నయం" అంది. తనకూ స్టారు లేదు.

రాత్రి రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇక్కడి ల్యాబు లెక్క పికోమోల్‌లలో, అక్కడిది పికోగ్రాములలో. నా 190ని 1.355తో హెచ్చిస్తే 257. తక్కువ అమ్మకే. అక్కడి ల్యాబు 200 దాటితే చాలంటుంది కాబట్టి స్టారు పడలేదు, అంతే.

నా ఫెరిటిన్ కూడా బాగానే ఉంది. కానీ రక్తమిచ్చిన వారం జ్వరంతో ఉన్నాను. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇనుము నిల్వలు తగ్గినా ఫెరిటిన్ పెరుగుతుంది. మళ్ళీ చేయించాలి.

10 జూన్, సోమవారం

డాక్టరు గారిని నా గురించి కంటే అమ్మ గురించే ఎక్కువ అడిగాను. అమ్మ పదకొండేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. పొద్దున్నే కాఫీకి ముందు గ్యాస్ మాత్ర. రెండేళ్ళుగా అరికాళ్ళు తిమ్మిర్లు, "షుగరువేలే" అంటుంది.

తిండిలోని బీ12ను విడదీసేది కడుపులోని ఆమ్లం. అక్కడే ఊరే ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్తేనే రక్తంలో కలుస్తుంది. గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, మెట్‌ఫార్మిన్ పేగు దగ్గర అడ్డుపడుతుంది. రోజూ పెరుగన్నం తినే మనిషికి లోటు ఎలా వస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తినడం వేరు, ఒంటబట్టడం వేరు.

అమ్మకు మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్ష చేయించమన్నారు. బీ12 చాలనప్పుడు ఆ ఆమ్లం రక్తంలో పేరుకుంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది కాబట్టి క్రియాటినిన్ కూడా చూడాలట. బీ12 చాలనప్పుడు హోమోసిస్టీన్ కూడా పెరుగుతుంది, కానీ అది ఫోలేట్ తగ్గినా పెరుగుతుంది కాబట్టి అదొక్కటే చాలదు.

12 జూన్

ఆఫీసు దగ్గర ఒకాయన పేగుల బ్యాక్టీరియా పరీక్ష కిట్టు అమ్ముతున్నాడు. రంగురంగుల చార్టు, దాని వెనక పన్నెండు డబ్బాల మందులు. ఏ బ్యాక్టీరియా ఎంత ఉండాలో అందరూ ఒప్పుకున్న కొలత ఇంకా లేదు. లేని కొలతతో మందులు అంటగట్టడం అన్యాయం.

16 జూన్, ఆదివారం

పిన్ని అమ్మను ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు వేసుకోమందట. వద్దన్నాను. బీ12 లోటు మీద ఫోలిక్ యాసిడ్ ఒక్కటే పడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

సాయంత్రం చెరువు గట్టున నడుస్తుంటే మా ఊరు భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. స్ప్రూ జబ్బు ఆయన తోబుట్టువులను ఇద్దరిని తీసుకుపోయింది, ఆయన్నూ పట్టుకుంది. ఆ జబ్బులో పేగు గోడలు పాడై, తిన్నది ఒంటబట్టదు. 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబులో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడే స్ప్రూకి మందైంది. అలాంటి మందును లోటేదో తేలకుండా మింగకూడదు.

22 జూన్, శనివారం

అమ్మ రిపోర్టు వచ్చింది. మిథైల్ మలోనిక్ ఆమ్లం 0.71, ఉండవలసింది 0.40 లోపు. క్రియాటినిన్ మామూలుగానే ఉంది. మెట్‌ఫార్మిన్ ఆపలేదు, గ్యాస్ మాత్ర అవసరమో కాదో చూస్తామన్నారు. ఇవాళ పదకొండింటికి అమ్మకు మొదటి బీ12 ఇంజెక్షన్ వేశారు.