ఐస్‌లాండు దేశము

పటమున చిన్న దేశములను త్వరగా దాటిపోవుట ఉపాధ్యాయులమైన మాకు వాడుక. నేను మాత్రము ఐస్‌లాండు కడ కొంత తడవు నిలుతును. ఉత్తర అట్లాంటిక్ సముద్రమందలి యీ ద్వీపపు వైశాల్యము సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య నాలుగు లక్షలకు లోపు. మంచుగడ్డలును అగ్నిపర్వతములును అచ్చట ప్రక్కప్రక్కనే యున్నవి. 1783లో లాకి యనుచోట నేల బ్రద్దలై విషవాయువులు వెడలెను. పచ్చిక చెడి పసులు చచ్చెను. పిమ్మట వచ్చిన కరవున జనులలో సుమారు అయిదవవంతు నశించిరి. 930లో తింగ్వెల్లిర్ మైదానమున నారంభమైన ఆల్‌థింగ్ అను సభ 1800లో రద్దుకాగా, 1845లో దానిని మరల నెలకొల్పిరి. 1944 జూన్ 17న ఆ మైదానముననే డెన్మార్కు రాజరికమును వీడి గణతంత్రముగా ప్రకటించుకొనిరి. 1980లో వారెన్నుకొనిన విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్, ప్రజల యోటుచే నెగ్గి అధ్యక్షపదవి పొందిన స్త్రీలలో లోకమున మొదటివారు. వారికి స్థిరసైన్యము లేదు. కష్టకాలమందును తమ భాషను, తమ సభను మరువనివారు గనుక, ఆ కొద్దిమంది జనులు నాకు మాననీయులు.