ఎక్స్‌రేలో ఏం లేదన్నారు

ఇవాళ మిర్చి రేటు గురించి కాదు, మోకాళ్ల గురించి రాస్తున్నా.

మా ఇంటామె రెండేళ్లుగా కుడి మోకాలు నొప్పి అంటోంది. నాట్లేసి వచ్చిన రాత్రి మంచం దిగలేకపోయేది. ఒకచోట ఎక్స్‌రే తీయించాం. బల్ల మీద పడుకోబెట్టి తీసి "ఏం లేదు, బాగానే ఉంది" అన్నారు. నేను అదే పట్టుకున్నా. కిందటేడు తునికాకు కోతకి రాలేనంటే "ఫొటోలో లేని నొప్పి నీకెక్కడిది" అని నలుగురి ముందు అనేశా. మారు మాట్లాడకుండా అడవికి వచ్చింది.

సంక్రాంతి తర్వాత ఖమ్మంలో ఎముకల డాక్టరు నిలబెట్టి మళ్లీ తీయించాడు. రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూపించాడు. గుజ్జు అసలు ఎక్స్‌రేలో కనపడదట. కనపడేది రెండెముకల మధ్య సందు మాత్రమే. పడుకుంటే కాలి మీద బరువు పడదు కాబట్టి సందు ఉన్నట్టే కనిపిస్తుంది. నిలబడి తీసినదాంట్లో మోకాలి లోపలివైపు ఎముక మీద ఎముక ఆనుకునే ఉంది. అంచుల్లో ముల్లులాగా ఎముక కూడా పెరిగింది. ఆమె వైపు చూడలేకపోయానండీ.

మా బావది ఇంకో కథ. అర్ధరాత్రి కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా కేక పెట్టేవాడు. అతని ఎక్స్‌రే కూడా శుభ్రంగానే వచ్చింది. తీరా అది గౌట్. యూరిక్ యాసిడ్ సూదుల్లాంటి స్ఫటికాలై కీలులో చేరుతుంది. ఎలక కొరికినట్టు ఎముక తినేసిన గుర్తు ఎక్స్‌రేలో పడేది చాలా ఏళ్లకి. అల్ట్రాసౌండులో అయితే గుజ్జు మీద తెల్ల పొరలా ముందే కనపడొచ్చు. ఖాయంగా తేల్చాలంటే కీలులో నీరు లాగి మైక్రోస్కోపు కింద చూడాలి. ఇంకో సంగతి, నొప్పి మండుతున్న రోజు రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగా కూడా రావొచ్చు. తగ్గాక మళ్లీ చేయించాలి. మందు మానమన్నారు, ఇప్పసారాతో సహా. బావకి జబ్బు కన్నా అదే పెద్ద కష్టం.

మా అమ్మది పూర్తిగా తిరగేసి. డెబ్భై దాటింది. కింద పడితే ఎక్స్‌రే తీయించాం. మోకాలి సందులో సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత. కాల్షియం స్ఫటికాలట. కొందరికి అవి కూడా గౌట్ లాగే వాపు తెస్తాయి. ఆమెకి మాత్రం నొప్పే లేదు, ఇప్పటికీ పుల్లలు ఏరుకొస్తుంది.

మోకాలికి ఎక్స్‌రే అంటే, నిలబెట్టి తీయమని నోరు తెరిచి అడగండి. కీలు వేడెక్కి వాచి జ్వరం కూడా ఉంటే చీము కావొచ్చు. సూది మందుతో సరిపెట్టకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి పోండి.

ఈ ఏడు తునికాకు కోతకి నేనొక్కణ్ణే పోతున్నా. ఆమె ఇంటి దగ్గర స్టూలు మీద కూర్చుని యాభై ఆకుల కట్టలు కడుతోంది.