విన్నపంలో ఒక మాట

అనువాదకునికి పని పెట్టేవి గ్రంథాలు మాత్రమే కావు. ఒక్కొక్కప్పుడు నాలుగు పంక్తుల విన్నపం నాలుగు వందల పుటల నవలకన్న ఎక్కువ శ్రమ కలిగించగలదు. 2022వ సంవత్సరంలో నాకు అట్టి అనుభవం ఒకటి కలిగినది. కాళ్ళు పోగొట్టుకొన్న పేదలకు కృత్రిమ పాదాలు అమర్చే శిబిరం కొరకు గుంటూరులో కొందరు మిత్రులు నిధి కూర్చదలచినారు. ఆ నిధి పేరిట ముగ్గురి జట్టు ఒకటి గోవాకు వెళ్ళి, నవంబరు 13వ తేదీన జరిగే ట్రయథ్లాన్‌లో పాల్గొనవలెనని నిశ్చయమైనది. విన్నపాన్ని తెలుగులోను, ఉత్తరాది నుండి వచ్చి మిర్చి వ్యాపారంలో స్థిరపడినవారి కొరకు హిందీలోను వ్రాసిపెట్టే పని నాకు అప్పగించినారు. పరుగెత్తవలసిన యువకునికి తరువాత మోకాలు బెణికినది. రోజూ తెల్లవారుజామున కాలువగట్టు మీద పరుగెత్తే అలవాటు నాకున్నది. ఆ పాపానికి, యాభైనాలుగేండ్ల వయస్సులో, జట్టులో ఆ స్థానం కూడ నాకే దక్కినది.

ఈ పందెంలో సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు ప్రయాణం, 21.1 కిలోమీటర్ల పరుగు వరుసగా ఉంటవి. ఒక్కరే మూడూ చేయవచ్చును. ముగ్గురు పంచుకొననూ వచ్చును. అంతా ఎనిమిదిన్నర గంటలలో ముగియవలెను. దీనికన్న రెట్టింపు దూరం గల పందెం 1978లో హవాయి దీవులలోని ఓఆహూలో పుట్టినది. ఈతగాడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడా, పరుగెత్తేవాడా అన్న వాదం తేల్చటానికి జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ దానిని తలపెట్టినారు. పదిహేనుగురు బయలుదేరి పన్నెండుగురు పూర్తిచేసినారు. మన రచ్చబండ దగ్గరైతే ఇటువంటి వాదం పొద్దుగుంకేసరికి దానంతటదే చల్లారేది.

చందాలకు తిరిగేటప్పుడు ఒక వ్యాపారి నన్ను సూటిగా అడిగినాడు: “డబ్బు కావలిస్తే అడగండి, ఇస్తాను. దానికి సముద్రంలో దూకటమెందుకండీ?” న్యాయమైన ప్రశ్న. చందా అనే మాట తెలుగుకు, హిందీకి ఉమ్మడి సొత్తు. వినాయక చవితికి ఇచ్చేదీ చందాయే, పత్రికకు కట్టేదీ చందాయే. మొదటిది ఇచ్చి మరచిపోతాము. రెండవది కట్టినవాడు ప్రతినెలా సంచిక కొరకు ఎదురుచూస్తాడు. మా దాతలలో అధికులు ఈ రెండవ తెగవారని నాకు తోచినది. వారు ఇచ్చిన సొమ్ముకు మా ఆయాసం సంచికగా అందవలెను. దీనిని నేను హీనంగా చూడను. 1951లో పోచంపల్లి నుండి బయలుదేరిన వినోబా ఉత్తరాలు వ్రాసి భూమి అడగవచ్చును గదా! నడచి వచ్చి గుమ్మం ముందు నిలిచినవానికి ఇచ్చినంత సులభంగా మనిషి ఉత్తరానికి ఇవ్వడు.

అసలు చిక్కు వేరొకచోట వచ్చినది. మా జట్టులో ఈదేవాడు ముప్పై దాటిన యువకుడు, దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించే పనివాడు. పందొమ్మిదవ ఏట లారీ ప్రమాదంలో ఎడమకాలు మోకాలి క్రింద పోయినది. అతడు ధరించేది జైపూర్ పాదం. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, ప్రమోద్ కరణ్ సేఠీ అనే వైద్యుడు కలసి రూపొందించినది. విదేశీ పాదాలు బూటు తొడిగే దేశాల కొరకు పుట్టినవి. మన మనిషి గొంతుక్కూర్చోవలెను, బురదలో దిగవలెను, చెప్పులు విడిచి ఇంట అడుగుపెట్టవలెను. రబ్బరుతో చేసిన ఈ పాదం వానికి అన్ని విధాల వంగుతుంది.

విన్నపం మొదటి పంక్తిలోనే అతని కాలి సంగతి ఉండవలెనని, ప్రక్కన ఛాయాచిత్రం వేయవలెనని సంఘంలో పెద్దాయన పట్టుపట్టినారు. ఏ మాట వ్రాయవలెను? ‘కుంటి’ అన్నది తిట్టు. ‘వికలాంగుడు’ అంటే లోపమే మనిషికి పేరవుతుంది. 2015 నుండి హిందీలో ప్రచారమైన ‘దివ్యాంగ్’ ఉన్నది గదా అని అతనికి వినిపించినాను.

“దివ్యమేముంది మాస్టారూ, రబ్బరేగా!” అన్నాడు. కొంచెం ఆగి, “ఈతగాడు అని వ్రాయండి. చాలు” అన్నాడు.

“ఈతగాళ్ళు కృష్ణ ఒడ్డున వందమంది దొరుకుతారు. వాళ్ళను చూచి చందా ఎవరిస్తారయ్యా?” అన్నారు పెద్దాయన. ఆయన తన కొరకు అడగటం లేదు. శిబిరంలో వరుసలో నిలువబోయేవారి కొరకు అడుగుతున్నారు. ఐనా తెలుగులో ‘ఈతగాడు’ అని, హిందీలో ‘తైరాక్’ అని వ్రాసి ఇచ్చినాను. నిధి అనుకొన్నదానికన్న తక్కువే పోగైనది. పెద్దాయన లెక్క తప్పని నేను చెప్పలేను.

1977లో అమెరికాలో ఇట్టి నిధి పరుగే ఒకటి జరిగినది. పక్షవాతం వచ్చిన ఒక క్రీడాకారుని సహాయార్థం ఐదు మైళ్ళు. పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని రిక్ హాయిట్ అందులో పాల్గొంటానన్నాడు. తండ్రి డిక్ అతనిని చక్రాల కుర్చీలో నెట్టుకొంటూ పరుగెత్తినాడు. పరుగులో ఉన్నంతసేపు తన వైకల్యం తనకు తోచలేదని ఆ కుమారుడు తండ్రికి యంత్రం ద్వారా తెలిపినాడు. అటుపిమ్మట ఆ తండ్రి కొడుకును పడవలో కూర్చోబెట్టి లాగుతూ ఈదినాడు, సైకిలు ముందు కూర్చోబెట్టుకొని తొక్కినాడు. ఇద్దరూ వేయికి పైగా పందెాలలో పాల్గొన్నారు. డిక్ 2021లో, రిక్ 2023లో మరణించినారు.

గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, హుబ్బళ్ళి, లోండా మీదుగా వెళ్ళినాము. విప్పి పెట్టెలో పెట్టిన సైకిలు సగం దారి అడ్డగించినందున తోటి ప్రయాణికులందరికీ మా కథ చెప్పవలసివచ్చినది. ఒక ముసలమ్మ అంతా వినకుండానే కొంగుముడి విప్పి ఇరవై రూపాయలిచ్చినది. రశీదు పుచ్చుకోలేదు.

మీరామార్ తీరం మాండవి నది అరేబియా సముద్రంలో కలిసేచోట ఉన్నది. తెల్లవారుతుండగా అతడు పాదం విప్పి, తువ్వాలులో చుట్టి నాకిచ్చి, భుజాలు పట్టుకొన్న ఇద్దరి ఆసరాతో గెంతుతూ నీటిలోకి దిగినాడు. దానిని పట్టుకొని ఇసుకలో నిలుచున్నాను. వ్రేళ్ళకు గోళ్ళు కూడ తీర్చి ఉన్నవి. మడమ ఒకవైపు అరిగినది. అతనికన్న ఒక ఛాయ తెల్లన. దానిని వెచ్చగా ఉంచవలెనని ఎందుకో తోచి తువ్వాలు మళ్ళీ కప్పినాను. ప్రక్కనున్న స్వచ్ఛంద సేవకుడు చూపు మరల్చుకొన్నాడు.

యాభైరెండు నిమిషాలకు అతడు ఒడ్డు చేరినాడు. కాలం లెక్కించే పట్టీని ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు చీలమండకు కట్టుకొనవలెను. అందరూ ఎడమకాలికి కట్టుకొంటారు. అతడు కుడికాలికి కట్టుకొన్నాడు. సైకిలు తొక్కవలసిన కళాశాల అధ్యాపకురాలు దానిని విప్పుకొని వెళ్ళినది. దాదాపు నాలుగు గంటలకు అది నాకు చేరినది. పట్టీలు కట్టుకోవటం నాకదే మొదలు. నా పరుగు గురించి చెప్పదగినది తక్కువ: ఎండ, ఉప్పుగాలి, చివరి ఐదు కిలోమీటర్లలో పరుగుకన్న ఎక్కువ నడక. గడువుకు ముందే ముగించినాను.

పతకాలు వేసుకొని నీడలో కూర్చున్నప్పుడు ఒక విలేఖరి కెమెరాతో వచ్చినాడు. అప్పటికి మా ఈతగాడు పంట్లాము, బూట్లు తొడుక్కొని ఉన్నాడు. విలేఖరి ముగ్గురినీ మార్చి మార్చి చూచి, మీలో ఆ దివ్యాంగుడు ఎవరని హిందీలో అడిగినాడు. అధ్యాపకురాలు తలవంచుకొన్నది. మావానికి హిందీ రాదు.

“ఏమంటున్నాడు మాస్టారూ?”

“మీలో ఈతగాడెవరని అడుగుతున్నాడు” అన్నాను.

అతడు చెయ్యి పైకెత్తినాడు.