పత్రికల జాడ – పరిశోధకుని త్రోవ

పత్రిక గ్రంథాలయంలో ఉండటం ఒకటి, అందులోని వ్యాసం కోరినవారి చేతికి అందడం మరొకటి. ఈ రెంటి నడుమ గల దూరం ఎంతటిదో మంగళగిరికి చెందిన ఒక ప్రాచ్య కళాశాల అధ్యాపకుని అనుభవం తెలియజేస్తున్నది.

చేనేత కుటుంబంలో పుట్టిన ఆయన, తమ ఊరి స్తంభశాసనంపై వ్యాసం వ్రాయదలచారు. కృష్ణదేవరాయల కాలానికి చెందిన ఆ శాసనంలో 1515 నాటి కొండవీటి విజయం, సాళువ తిమ్మరసు, ఆయన మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి ప్రస్తావనలున్నవి. విషయాన్ని సూచించినవారు ఆయన గురువుగారు. శాసనపాఠం ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో వెలువడినదని మాత్రమే వారికి జ్ఞాపకం, సంపుటం సంఖ్య గుర్తులేదు.

ఊరిలోని రాయిని ఎప్పుడైనా చూడవచ్చును. దానిపై వెలువడిన వ్యాసం మాత్రం ఆయనకు ఏడాది పాటు దొరకలేదు. కళాశాల పట్టికలో ఆ పత్రిక పేరు లేదు. కంప్యూటరులో ‘మంగళగిరి శాసనం’ అని తెలుగులో వెదికితే ఫలితం శూన్యం. చివరకు, పదవీ విరమణ చేసిన గ్రంథాలయాధికారి ఒకరు గ్రామనామాలను అకారాదిగా వ్రాసి ఉంచిన నోటుపుస్తకంలో ‘మ’ వద్ద ఒక్క పంక్తి కనిపించినది. ఆరవ సంపుటం, 1900–01, ల్యూడర్స్ పరిష్కరణ. ఆ సంపుటం అదే కళాశాలలో, చరిత్ర గ్రంథాల బీరువాలో, విడి పుస్తకంగా నమోదై ఉన్నది. దాని ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉచితంగా లభిస్తున్నది. అప్పటికి గురువుగారు లేరు. వారికి చూపవలసిన వ్యాసం వారి సంస్మరణ సంచికకు చేరినది.

ఇక్కడ ధనలోపం లేదు, గ్రంథలోపం లేదు. లోపించినది సూచి మాత్రమే. పట్టిక పత్రికను పుస్తకంగా ఎంచినది. అంతర్జాలం దానిని రోమను అక్షరాలలో దాచినది. పరిశోధకుడు పత్రిక పేరుతో గాని, ఊరి పేరుతో గాని వస్తాడు. ఆ పేరు నుండి సంపుటానికి త్రోవ చూపేవారు కావలెను.

తెలుగు పత్రికల విషయంలో చిక్కు ఇంకను అధికం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924 జనవరిలో ప్రారంభించిన ‘భారతి’ 1991 వరకు వెలువడినది. అందులోని వ్యాసాన్ని ‘రక్తాక్షి, శ్రావణం’ అని ఉదహరిస్తే అది ఏ సంవత్సరం? రక్తాక్షి 1924లోనూ వచ్చినది, అరువది ఏండ్ల తరువాత 1984లోనూ వచ్చినది. అంతేకాదు, 1924లోనే ఉగాదికి ముందరి సంచికలు రుధిరోద్గారికి, తరువాతివి రక్తాక్షికి చెందుతాయి. కాబట్టి తెలుగు సంవత్సరంతో పాటు క్రీస్తుశకాన్ని కూడ చూపని సూచి పాఠకుని త్రోవ తప్పిస్తుంది. ఇక పత్రిక పేరును రోమను లిపిలో ఒకరు ‘త’ ధ్వనికి ఒక్క అక్షరంతోను, మరొకరు రెండక్షరాలతోను వ్రాస్తారు. ఒక రూపంతో వెదికినవారికి రెండవది కనిపించదు. ఛాయాచిత్రాలుగా ఉన్న పుటలలోని తెలుగును యంత్రం ఎల్లప్పుడు సరిగా చదివి వెదకిపెట్టదు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒక దేశం – ఒక చందా’ పథకం 2025 జనవరి 1న ఆరంభమైనది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ నిర్వహణలోని విద్యాసంస్థలకు అందించడం దాని లక్ష్యం. ఇది మేలైన పని. అయితే అది ప్రధానంగా అంతర్జాతీయ పత్రికలకు సంబంధించినది. ఆగిపోయిన తెలుగు మాసపత్రికలకు వ్యాససూచి కూర్చడం దాని పని కాదు. ఆ పని మనదే.

ఈ ప్రాంతానికి అది కొత్త బాధ్యత కాదు. 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం పాత పత్రికలను సంపుటాలుగా భద్రపరచినందుననే పరిశోధకులు నేటికీ అక్కడికి వెళ్తున్నారు. పాఠకుని కాలాన్ని ఆదా చేయవలెనని రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. భద్రపరచడంతో సగం పని పూర్తయినది. సూచితోనే మిగిలిన సగం.

ప్రతి ప్రాచ్య కళాశాలలోను ఒక్క పట్టిక చాలును. అందులో పత్రిక పేరు, దాని భిన్నరూపాలు, ఉన్న సంపుటాలు, లేని సంపుటాలు, బీరువా సంఖ్య, అంతర్జాల ప్రతి ఉంటే దాని చిరునామా ఒకే వరుసలో ఉండవలెను. దాని వెంట వ్యాసాల శీర్షికలు, రచయితలు, ఊళ్ల పేర్లు తెలుగు లిపిలో చేర్చవలెను. అచ్చుప్రతికి ఒక జాబితా, అంతర్జాల ప్రతికి మరొక జాబితా ఉంటే పాఠకుడు రెండింటి మధ్య మళ్లీ తిరుగుతాడు.

మంగళగిరి అధ్యాపకుడు ఇప్పుడు ఆ పని చేపట్టారు. శనివారాలలో విద్యార్థులు బీరువా నుండి ఒక్కొక్క సంపుటం తెచ్చి విషయసూచిక చదువుతారు, ఆయన వ్రాసుకుంటారు. తొలి పుటపై మొదటి పేరుగా ఆయన తన ఊరి పేరు వ్రాశారు. దాని ఎదుట ఆ పాత నోటుపుస్తకంలోని పంక్తినే ఎత్తి వ్రాసి, బీరువా సంఖ్య చేర్చారు.